లానాకు ‘నే’ రాదు

పొట్టీ,

ఫోనులో చెబితే మధ్యలో ఏడుస్తానని ఉత్తరం రాస్తున్నాను. నీ హిందీ వ్యాకరణం ఆఖరి ప్రూఫు నిన్న మధ్యాహ్నం నేనే చూసి ప్రెస్సుకు పంపాను. ఏడో పాఠంలో తప్పుంది. చూసి కూడా వదిలేశాను.

జరిగిపోయిన పని చెప్పేటప్పుడు, క్రియ సకర్మకమైతే, చేసినవాడి పక్కన ‘నే’ చేర్చాలని చక్కగా రాశావు. ‘ఉస్‌నే కితాబ్ పఢీ’, అతను పుస్తకం చదివాడు. బాగానే ఉంది. దాని కిందే, పుస్తకం తెచ్చాడనడానికి ‘ఉస్‌నే కితాబ్ లాయీ’ అన్నావు. ‘లానా’కు, అంటే తేవడం అనే క్రియకు, ‘నే’ రాదు కదే! ‘వహ్ కితాబ్ లాయా’ అనాలి. దిద్దబోతుంటే పక్క బల్ల మీద నీ పుస్తకం అట్ట కనిపించింది. పెద్ద అక్షరాల్లో నీ పేరు, కింద డిగ్రీలు. పెన్ను మూత పెట్టేశాను.

హాస్టల్లో ఈ ‘నే’ నీకు నేర్పింది నేను. మార్కులు నీకొచ్చాయి, కాలేజీ ఉద్యోగం నీకొచ్చింది. ఇరవై ఏళ్లుగా ఈ పబ్లిషరు ఆఫీసు మూలగదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల తప్పులు దిద్దుతున్నాను. మొన్న మా ఆయన కూడా, "మీ ఫ్రెండు పుస్తకం రాసిందటగా, ఎంత తెలివైందో!" అన్నాడు. ఆ పూట కూర మాడిపోయింది. నలుగురిలో నువ్వు నవ్వులపాలు కావాలని కోరుకున్నానే. పొద్దున లేచేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది.

రేపే అచ్చు మొదలు. ఆఫీసు మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. వెంటనే ఆపించు.

నీ సోడాబుడ్డి


సోడాబుడ్డీ,

ఆపించాను. ప్రెస్సాయన కయ్యిమన్నాడు. "ప్రూఫు చూసిందెవరండీ అసలు?" అన్నాడు. తప్పు నాదని చెప్పాను. నిజంగా నాదే. నాకు ‘నే’ ఇప్పటికీ సరిగ్గా రాదే. క్లాసులో ఎవరైనా లానా గురించి అడిగితే "రేపు చూద్దాం" అని తప్పించుకుంటాను. ఈ ప్రూఫు నీకే ఇవ్వాలని పట్టుబట్టింది కూడా అందుకే.

ఇంకొకటి చెప్పాలి. ఆఖరి పరీక్ష ముందు నీ నోట్సు పోయింది, గుర్తుందా? హాస్టలంతా వెతికావు. నేనూ నీతోపాటు మంచాల కింద వంగి వెతికాను. అది నా పెట్టెలోనే ఉంది. ఒకసారి వింటే నీకు వచ్చేసేది, నేను పదిసార్లు బట్టీ పట్టినా వచ్చేది కాదు. అది చూసి ఓర్వలేకపోయాను. నాకా మార్కులు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలిసిందా?

నువ్వు ఒక్కరోజు కూడా దాచుకోలేకపోయావు. నేను ఇరవై ఏళ్లు దాచాను.

ఆ నోట్సు తీసుకుని పొద్దున్నే మీ ఇంటికి వస్తున్నాను. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం.

పొట్టి