నూకలు చెల్లని రాజు

జూన్ 3

తమ్ముడి నవల తిరిగి తిరిగి నా టేబుల్ మీదకే వచ్చింది. మా పబ్లిషర్ పెద్దాయన ఇచ్చాడు. సొంత తమ్ముడని మొహమాటపడకమ్మా, బలాలూ లోపాలూ ఉన్నదున్నట్టు రాయి, నువ్వు సరేనంటేనే వేస్తాను అన్నాడు. మొహమాటమా, నాకా! చిన్నప్పుడు వాడి బొమ్మలకు కూడా మార్కులు వేసినదాన్ని.

జూన్ 4, మధ్యాహ్నం

నవ్వలేక చచ్చాను. ఒక రాజ్యానికి శాపం తగులుతుంది. అక్కడ ఎవరు ఏ నానుడి వాడినా అది నిజంగా జరిగిపోతుంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయని మంత్రి అంటాడు, నిండు సభలోకి పిల్లిని పిలిపించాల్సి వస్తుంది. వార్తాహరుడు కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతాడు, మెట్ల దగ్గరే తంటా. రాజు కొడుకుని నెత్తికెక్కించుకున్నాడని ఎవరో గొణుగుతారు. అంతే, యువరాజు రాజు నెత్తి మీదే కూర్చుండిపోతాడు. ఇక కిరీటానికి చోటేదీ?

ఒక్క జోకు కూడా అరువు తెచ్చుకున్నది కాదు. పక్క సీటు అకౌంటెంటు ఏమైందే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు అంది. మా తమ్ముడు అన్నాను.

జూన్ 6

మూడో భాగం. ఇక్కడ బండి దిగబడింది.

ఆ రాజ్యంలో చావు కూడా నానుడి ప్రకారమే. గిడ్డంగిలో ప్రతి మనిషి పేరు మీదా ఒక నూకల బస్తా ఉంటుంది. నూకలు చెల్లితే మనిషి పోయినట్టే. రాజు బస్తా అడుగంటుతుంది. గబగబా పేజీ తిప్పాను. వెంటనే యువరాజు ఇంకో బస్తా తెప్పిస్తాడు. ఒక జోకు. మళ్లీ అడుగంటుతుంది, మళ్లీ బస్తా, మళ్లీ జోకు. చివరికి నాకు ఆవలింత వచ్చింది.

ఆ రాజు మా నాన్న. నవ్వూ దగ్గూ ఒకేసారి వచ్చే మనిషి ఇంకెవరున్నారు? నాన్న పోయి ఇంకా ఏడాది కాలేదు.

జూన్ 7

రిపోర్టు రాశాను. బలాలకే పేజీన్నర పట్టింది. లోపాలంటారా, మంత్రి పెళ్లి అధ్యాయం శుద్ధ దండగ. రాణికి పని లేదు. శాపం ఎలా పోతుందో రచయితే మరిచిపోయాడు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. రాజు చావకపోవడం మాత్రం ఓర్చుకోలేం. ఏమీ పోదని తెలిశాక నవ్వు కూడా పలచబడుతుంది.

ఆ చివరి వాక్యం రాసి, బాత్రూంలోకి వెళ్లి మొహం కడుక్కున్నాను.

జూన్ 8

పెద్దాయన పంపిన నా రిపోర్టు చదివి తమ్ముడు ఫోన్ చేశాడు. చంపెయ్యమని ఎంత తేలిగ్గా రాశావే అక్కా అన్నాడు. తేలిగ్గా రాయలేదురా అన్నాను. అప్పటికే పెట్టేశాడు.

జూన్ 15

ఫోన్ లేదు. మొండిఘటం. నేనూ చేయను.

జూన్ 22, ఉదయం

మెయిల్ వచ్చింది. ఒక్క ముక్క రాయలేదు, కొత్త చివరి అధ్యాయం మాత్రం అటాచ్ చేశాడు.

యువరాజు ఎప్పటిలాగే ఇంకో బస్తా తెమ్మని కేక వేయబోతాడు. రాజు పైకి చూసి, ఒరేయ్, ఇక దిగరా, మెడ పట్టేసింది అంటాడు. వాడు దిగుతాడు. ఎన్నేళ్లకో నేల తొక్కాడు కదా, రెండడుగులు వేసి బోర్లా పడతాడు. రాజు పడీ పడీ నవ్వుతాడు, నవ్వుతూనే దగ్గుతాడు. గిడ్డంగివాడు వచ్చి ఖాళీ బస్తా దులిపి చూపిస్తాడు.

దాని మీద జోకు లేదు.

నవ్వాను. నవ్వు ఆగకముందే ఏడుపు వచ్చింది. వీడికి ఇదంతా ఎవరు నేర్పారు? నేనైతే కాదు. ఆఫీసంతా వినేలా పెద్దాయనతో, వేసేయండి అన్నాను.

తర్వాత నేనే ఫోన్ చేశాను. బాగుందా అన్నాడు. రాణికి ఇంకా పని లేదురా అన్నాను. ఆ తర్వాత ఎంతసేపటికీ ఎవరమూ ఫోన్ పెట్టలేదు.

ఆగస్టు 30

పుస్తకం వచ్చింది. లిఫ్టులో ముక్కూమొహం తెలియని ఒకావిడకు అట్ట మీద పేరు చూపించి, మా తమ్ముడండీ అన్నాను. ఏం చేశాడేంటి అంది. రాజును చంపాడు అన్నాను. తర్వాతి అంతస్తులోనే దిగిపోయింది.