ఫట్‌ఫటీకి మరచెంబు మూత

కేసముద్రం,
8 ఏప్రిల్ 1946.

మహారాజశ్రీ తాటిపల్లి నాగమల్లయ్య సేఠ్ గారికి, కేసముద్రం జిన్నింగు మిల్లులో ఇంజను చూసుకునే ఫకీర్ మహమ్మద్ సలాములు చేసి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం తెలుపగలరు.

మా మిల్లు రాయమల్లు మొన్న వరంగల్ వచ్చి మీ ఇత్తడి దుకాణంలో బిడ్డ పెళ్ళికి గంగాళం కొన్నాడు. గంగాళం సంగతి పక్కన పెట్టి, మీ దుకాణం గోడకు వేలాడే అట్టముక్క సంగతే వచ్చిన దగ్గర్నుంచీ చెబుతున్నాడు. "బాగు చేసిన విలాయతి ఫట్‌ఫటీ మోటారు సైకిలు. ఆరోగ్య కారణంగా అమ్మబడును. అర్హులకు మాత్రమే" అని ఉందట.

నేను అర్హుణ్ణో కాదో మీరే తేల్చండి. ముప్పై ఏళ్ళుగా ఇంజన్ల మధ్యే బతుకుతున్నాను. ఆరోగ్యం అన్నారు, అది మీదా, బండిదా? రెండో గేరులో పోతుంటే ఎడమ మోకాలికి సెగ తగులుతుందా? టాంకీ అడుగున, కుడి పక్క, బొటనవేలు పట్టేంత సొట్ట ఉందా? ఆ సొట్ట ఉంటే కొంటాను. లేకపోతే నాకు వద్దు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఫకీర్ మహమ్మద్.

తా.క.: "అర్హులకు మాత్రమే" అని రాయించుకున్న ఫట్‌ఫటీని నేను ఇంతవరకు వినలేదు. మా ఊళ్ళో పెళ్ళికొడుకులకు కూడా ఇంత పట్టింపు లేదు.


హనుమకొండ,
13 ఏప్రిల్ 1946.

శ్రీ ఫకీర్ మహమ్మద్ గారికి నాగమల్లయ్య నమస్కారములు. ఉభయకుశలోపరి.

మీ ఉత్తరం అందింది. బండి కొంటామని ఇప్పటికి ఏడుగురు వచ్చారు. ఒకడు దీని మీద ఎన్ని మూటలు కట్టవచ్చని అడిగాడు. ఒకడు చక్రాలు విడిగా ఇస్తావా అన్నాడు. ఒక వకీలు గారు ఎక్కి కూర్చుని, దిగి, "శబ్దం జర తగ్గించరాదా" అన్నారు. అందరినీ వచ్చిన దారినే పంపించాను. సొట్ట ఉంటేనే కొంటాననే మహానుభావుడు మీరొక్కరే.

ఆరోగ్యం నాదే. బండి రాయిలా ఉంది. మార్చిలో మా ఇంటామె మొగిలమ్మకు దగ్గు పట్టుకుంటే డాక్టరు గారింటికి ఫట్‌ఫటీ మీదే తీసుకుపోయాను. చప్పుడు వినగానే ఆయన తానే గేటు దాకా ఎదురొచ్చాడు. పెద్ద చదువు చదివినా ఎంత మర్యాదో! మొగిలమ్మ దగ్గు పక్కన పెట్టి నా వెన్నుపూస పట్టుకున్నాడు. రోజూ ఏ దారిన పోతాను, మధ్యాహ్నం భోజనం చేసి మళ్ళీ దుకాణానికి ఏ వేళకు బయల్దేరతాను, అన్నీ ఓపికగా అడిగి రాసుకున్నాడు. ఇంకో వానాకాలం ఈ బండి నడిపితే వెన్నుపూసలు పేకముక్కల్లా జారతాయట. నాకు నొప్పేమీ లేదంటే, "అదే ప్రమాదం" అన్నాడు. కాదనడానికి నేనెవరిని? ఆ రోజే షెడ్డు తలుపు వేశాను. ఆ పూట అన్నం సహించలేదు. ముక్కూ మొహం తెలియని మీకు ఇది ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

దీన్ని నేను 1941లో పాత ఇనుము కొట్టులో చూశాను. దీపం గూట్లో కోడి పొదుగుతోంది. అంతకు ముందు ఏ గాడిద చేతిలో ఉండేదో గాని, టాంకీ మూత పోతే చింతచెక్కతో బిరడా చెక్కి పెట్టాడు. అదీ చాలక బిరడా నడుమ మేకుతో బెజ్జం పొడిచాడు! బిరడాకు బెజ్జం పొడిచిన బుద్ధిమంతుణ్ణి మీరు ఎక్కడైనా చూశారా? నేను మా కంచరివాళ్ళను కూర్చోబెట్టి రెండేళ్ళు పని చేయించాను. దీపం చుట్టూ తాంబాళం అంచు, పొగగొట్టానికి ఇత్తడి తొడుగు, టాంకీ పొడుగునా ఇత్తడి రేకు, రేకు మీద నా పేరు. బిరడా పారేసి మరచెంబు మూత బిగించాను. ఈ పెట్రోలు కూపన్ల కాలంలో చుక్క బయటికి పోదు. చీమ లోపలికి పోదు.

ఇప్పుడది పెద్దింటి బండి. రెండు మైళ్ళకోసారి తానే ఆగుతుంది. దిగి, మూత తీసి, పెట్రోలు చూసి, మూత బిగిస్తే మళ్ళీ కదులుతుంది. నా చూపు పడకుండా అడుగు వేయదు.

ఇట్లు,
తాటిపల్లి నాగమల్లయ్య.

తా.క.: సొట్ట ఉంది. కానీ ఐదేళ్ళ కిందటే దాన్ని ఇత్తడి రేకుతో కప్పేశాను. మీకెలా తెలిసింది?


కేసముద్రం,
17 ఏప్రిల్ 1946.

నాగమల్లయ్య సేఠ్‌కు ఫకీర్ మహమ్మద్ రాయునది. ఇక్కడ క్షేమం. అక్కడ బండి క్షేమంగా లేదని మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

తాంబాళం, తొడుగు, రేకు, మరచెంబు. సేఠ్, మీరు బాగు చేసింది ఫట్‌ఫటీనా, పెళ్ళి సామానా? పేరు కూడా కొట్టించారు. దాని కింద "వధూవరులకు కానుక" అని కూడా కొట్టించాల్సింది.

ఇక మీరు తిట్టిన గాడిద సంగతి. అతను బిరడాకు బెజ్జం ఎందుకు పొడిచాడంటే, టాంకీలోకి గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు కనుక. మీ మరచెంబు మూత గాలి రానీయదు. రెండు మైళ్ళు పోయేసరికి టాంకీకి ఊపిరాడదు, బండి ఆగుతుంది. మూత తీస్తే గాలి పోతుంది, మళ్ళీ కదులుతుంది. ఇందులో మీ చూపు మహిమ ఏమీ లేదు. నీళ్ళు పోసి బోర్లిస్తే గాలి లోపలికి పోతూ గుడగుడలాడే చెంబుకు కూడా ఈ సంగతి తెలుసు, చెంబులు అమ్మే మీకు తెలియలేదు.

ఇదంతా రాయమల్లుకు చదివి వినిపించాను. "ఏంది భాయ్, గా సేఠ్ గాలి గూడ బంద్ జేసి అమ్ముతాండా?" అన్నాడు. మిల్లులో అందరం నవ్వాం. నేను కొంచెం తక్కువ నవ్వాను, బండిని తలచుకుని.

కోడి కూడా ఆ గాడిదది కాదు. ఇనుము కొట్టువాడిది. గాడిద చేతిలో ఉన్నన్నాళ్ళూ దీపం గూట్లో దీపమే ఉండేది.

బండికి ఇకనైనా తెలిసిన చేయి పడాలి. వచ్చే ఆదివారం వస్తున్నాను. నేను వచ్చేసరికి ఆ ఇత్తడంతా విప్పించి పెట్టండి.

ఇట్లు,
ఫకీర్ మహమ్మద్.

తా.క.: సీటు కింద పెట్టె ఉంటుంది. దాని మూత లోపలివైపు ఎప్పుడైనా చూశారా? లేక అక్కడ కూడా పళ్ళెం అతికించారా?


హనుమకొండ,
20 ఏప్రిల్ 1946.

ఫకీర్ మహమ్మద్‌కు,

ఈసారి క్షేమ సమాచారాలు లేవు.

మీరు రావద్దు. వచ్చినా షెడ్డుకు రెండు తాళాలు వేశాను. రేకు కింద సొట్ట తెలుసు, సీటు కింద పెట్టె తెలుసు, ఆఖరికి కోడి ఎవరిదో కూడా తెలుసు. అంటే నా ఇంట్లోనో దుకాణంలోనో మీ మనిషి ఉన్నాడు. ముందు గుమాస్తా గోపాల్‌ను అనుమానించి నిన్న పొద్దంతా నిలదీశాను. సాయంత్రానికి వాడు ఏడ్చి నిజం ఒప్పుకున్నాడు. నిరుడు రెండు గరిటెలు ఇంటికి తీసుకుపోయాడట. మీ సంగతి మాత్రం వాడికి తెలియదు. తర్వాత మొగిలమ్మను అడిగాను. అడిగినప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. దగ్గు మాత్రం వినిపిస్తోంది.

పెట్టె మూత తీసి చూశాను. లోపల ఉర్దూలో ఏదో గీకి ఉంది. ఆ మూత పట్టుకుపోయి పక్క దుకాణం అత్తరు సాహెబుకు చూపిస్తే "బుల్‌బుల్" అని చదివి, నా వైపు అదోలా చూశాడు. ఐదేళ్ళుగా నేను దీన్ని మహాలక్ష్మి అని పిలుస్తున్నాను. దసరాకు పసుపు కుంకుమ పెట్టాను. దాని కడుపులో ఎవతో బుల్‌బుల్ పేరు! బిరడాకు బెజ్జం పొడిచినవాడు సరసాలు కూడా సాగించాడన్నమాట. రేపే ఆకురాయి తెప్పించి గీకించేస్తాను.

మూటలు కట్టేవాడికైనా అమ్ముతాను. చక్రాలు విడిగా అడిగినవాడికైనా అమ్ముతాను. మీకు మాత్రం అమ్మను.

ఇట్లు,
తా. నాగమల్లయ్య.

తా.క.: మూతకు బెజ్జం కొట్టించాను. మీరు చెప్పినందుకు కాదు, ఊరికే. డాక్టరు గారికి తెలియకుండా ఒక్కసారి ఐదారు మైళ్ళ దూరం హసన్‌పర్తి దాకా పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. నా చూపు దానికి అక్కర్లేదని తెలిసి చాలా బాధ వేసింది.


కేసముద్రం,
24 ఏప్రిల్ 1946.

నాగమల్లయ్య సేఠ్ గారికి ఫకీర్ మహమ్మద్ సలాములు.

ఆకురాయి పక్కన పెట్టండి. బుల్‌బుల్ ఎవతో కాదు, బండి పేరు. పెట్టింది నేను. చింతచెక్క బిరడా చెక్కింది నేను. బెజ్జం పొడిచింది నేను. మీరు ఇన్నాళ్ళూ తిడుతున్న ఆ గాడిదను నేనే. గోపాల్‌ను, మీ ఇంటామెను ఇకనైనా వదిలిపెట్టండి.

1934లో ఒక తెల్లదొర సముద్రం దాటిపోతూ అమ్మేస్తే కొన్నాను. అప్పుడు నేను హనుమకొండలో ఒక బియ్యం మిల్లులో ఉండేవాణ్ణి. సొట్ట నా మోకాలు తగిలి పడింది. మోకాలికి కూడా ఉంది. ఐదేళ్ళు నేను, బుల్‌బుల్ ఎండకు వానకు ఆగలేదు. 1939 వేసవిలో కంట్లో నలుసు పడితే డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కన్ను చూడకుండా ఛాతీ మీద గొట్టం పెట్టాడు. ఫట్‌ఫటీ మీద కొట్టే గాలి నా ఊపిరితిత్తులకు పడదని, నడిపితే ఏడాది దాటనని చెప్పాడు. మా ఇంటామె జన్నత్ బీ, బండి వదిలెయ్యమని మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. కొనేవాడు దొరకలేదు. ఇనుము కొట్టు దాకా తోసుకుంటూ పోయాను. స్టార్టు చేస్తే మనసు మారుతుందని భయం. ఆ రోజు నేను ఏడ్చాను, సేఠ్. కంట్లో నలుసు అని చెప్పుకున్నాను.

ఏడేళ్ళయింది. కేసముద్రం వచ్చాక రోజూ మిల్లులో దూది దుమ్ము పీలుస్తున్నాను. ఇంతవరకు దగ్గు కూడా రాలేదు.

మీ మీద కోపం చల్లారాక మీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. నన్ను కూడా ఆ రోజు మా డాక్టరు అవే అడిగాడు. ఏ దారిన పోతావు, మధ్యాహ్నం ఏ వేళకు పోతావు. నేను రెండు గంటల పాళీకి ఆయన ఇంటి ముందు నుంచే పోయేవాణ్ణి. మీరో? మీ డాక్టరు ఇంట్లో పడమటి గది కిటికీ పక్కన పడక కుర్చీ ఉందా?

నాకు వచ్చిన అనుమానం మీకూ వచ్చి ఉంటే, ఒక్కసారి ఆయన దగ్గరికి పోయి, దారి మార్చానని మాత్రం చెప్పి చూడండి. ఇంకొక్క మాట ఎక్కువ చెప్పవద్దు.

ఇట్లు,
గాడిద,
ఉరఫ్ ఫకీర్ మహమ్మద్.

తా.క.: బుల్‌బుల్ అమ్మకానికి వచ్చిందని విన్న రోజు, మీ వెన్నుపూస జారిందని లోపల్లోపల సంతోషించాను. అల్లా నన్ను మాఫ్ చేయాలి. మీరు చేయకపోయినా ఫికర్ లేదు.


హనుమకొండ,
29 ఏప్రిల్ 1946.

ఫకీర్ భాయికి నాగమల్లయ్య నమస్కారాలు, సలాములు, రెండూ.

పోయాను. నడిచే పోయాను. "డాక్టర్ సాబ్, జర దారి మార్చిన. పగటిపూట మీ గల్లీకి వస్తలేను, అవుతల సడక్ నుంచి పోతాన" అన్నాను. ఆయన మొహం విప్పారింది. లేచొచ్చి, రెండు వేళ్ళతో నా నడుము తట్టి, "శభాష్! పూస కూర్చుంది. ఇక ఎంత దూరమైనా నడుపుకో" అన్నాడు. మందు లేదు, మాత్ర లేదు. పడమటి గదిలోకి తొంగి చూశాను. పడక కుర్చీ ఉంది. దాని మీద దిండు, దిండు పక్కన చెవుల్లో పెట్టుకునే దూది ఉన్నాయి. అది మీ కేసముద్రం దూదే అయి ఉంటుంది.

ఇంటికొచ్చి చెబితే మొగిలమ్మ పది రోజుల తర్వాత నోరు తెరిచింది. "నాకు గప్పుడే సమజైంది. ఆయన నా దగ్గు ఇన్నడా? నీ బండి దగ్గే ఇన్నడు" అంది. ఆమె దగ్గు దానంతట అదే తగ్గిపోయింది.

భాయి, నేను నెలన్నర షెడ్డు తలుపు వైపు చూడలేక తల తిప్పుకుని తిరిగాను. మీరు ఏడేళ్ళు తిరిగారు. ఒక పెద్దమనిషి పగటి కునుకు కోసం. నా నెలన్నర మాఫ్ చేయగలను. మీ ఏడేళ్ళు మాఫ్ చేయలేను. గాడిద అన్నందుకు సిగ్గుపడుతున్నాను. ఆ మాట అక్కడి నుంచి తీసి ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తెలిసింది.

బండి అమ్మను. రోగం లేనివాడు ఎందుకు అమ్ముతాడు? నెలలో సగం రోజులు కేసముద్రంలో ఉంటుంది, సగం రోజులు ఇక్కడ ఉంటుంది. రేకు మీద నా పేరుకు పైన మీ పేరు కొట్టించాను. ఆకురాయి వెనక్కి పంపాను. లోపల బుల్‌బుల్, పైన మహాలక్ష్మి, రెండూ ఉంటాయి. మీ వంతు రోజుల్లో ఇత్తడి విప్పారంటే మాత్రం ఊరుకోను.

వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకు రండి. భోజనం మా ఇంట్లోనే. తిన్నాక ఇద్దరం బండి మీద అలా తిరిగొద్దాం. మీరు నడపండి, నేను వెనక కూర్చుంటాను.

ఇట్లు,
మీ తోటి రోగి,
నాగమల్లయ్య.

తా.క.: దుకాణంలో బెజ్జం లేని మరచెంబు మూత ఇంకొకటి ఉంది. ఆ రోజుకు అదే బిగిస్తున్నాను. మా ఇంటి నుంచి డాక్టరు గారి గేటుకు సూటిగా పోతే మైలు కూడా లేదు. చౌరస్తా చుట్టి పోయేలా దారి కొలిచి పెట్టాను, సరిగ్గా రెండు మైళ్ళు. రెండు గంటలకు ఆయన గేటు ముందు ఆగుతుంది. మూత తీయడానికి నేను తొందరపడను. మీరు కిక్కు కొడుతూ ఉండండి, హారన్ సంగతి నేను చూసుకుంటాను.