మూడో అంతస్తు మెట్లు

జూన్ 4, బుధవారం

నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నాను, అంతే. రెండిటికీ తేడా ఉంది.

నిన్న పనివాళ్ళ సాయంత్రం క్లాసులో లెక్కల మేడమ్ అందరి ముందూ, అంత విసుగ్గా ఉంటే నువ్వే వచ్చి చెప్పవయ్యా పాఠం, మేం కూర్చుని వింటాం అన్నారు. నిన్న నాకు నోరు పెగల్లేదు. ఇవాళ పెగిలింది, వినేవాళ్ళు లేరు. అందుకని రఫ్ నోట్సు చివరి పేజీల్లో రాస్తున్నా. ఒక రైలు ఇటు నుంచి, ఇంకో రైలు అటు నుంచి బయల్దేరితే ఎక్కడ కలుస్తాయో నాకు అనవసరం మేడమ్. కలిస్తే యాక్సిడెంటు. డ్రైవర్లు చూసుకుంటారు. పొద్దుటి నుంచి కాంక్రీటు పోసేందుకు సెంట్రింగ్ చెక్కలు మోసి, మేకులు కొట్టి, చెవుల్లో సిమెంటు దుమ్ముతో వచ్చి కూర్చునేది ఆ రైళ్ళ కోసమా? తొమ్మిదో క్లాసులో బడి మానేసింది కూడా అవే రైళ్ళ వల్ల. ఇన్నేళ్ళయినా ఇంకా కలవలేదా అవి?

నిన్న బ్యాగు తీసుకుని క్లాసు మధ్యలో వచ్చేశాను. ఇంట్లో చెబితే అక్క, మధ్యలో వదిలేయడంలో నీకు ఎప్పుడో సర్టిఫికెట్ ఇవ్వాల్సిందిరా, పరీక్ష కూడా అక్కర్లేదు అంది. బావ కంచం మీంచి తల ఎత్తలేదు. తెలివైనవాడు.

అక్క మాట తప్పని కాదు. ఈ క్లాసు చివర పరీక్ష పాసై సర్టిఫికెట్ తెస్తేనే కంపెనీ మార్కింగ్ పని ఇస్తుంది. లేకపోతే ఇంకొకడు గీసిన గీత మీద నేను మేకు కొట్టడమే, నడుం వంగిపోయేదాకా.

జూన్ 5, గురువారం

వెళ్ళాను. అక్క చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టి నిలబడింది, ఇంకేం చేస్తాం.

మేడమ్ సారీ చెప్పించుకుంటారనుకున్నా. ఆ ఊసే ఎత్తలేదు. బోర్డు మీద రైళ్ళు తుడిచేసి, ఈ వారం మీ పనిలో లెక్క ఎక్కడ అడ్డం పడిందో చెప్పండి అన్నారు.  లాండ్రీ పిన్ని లేచింది. ఈవిడ ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే సెక్షన్, నా పక్క బెంచీ, వయసుతో పని లేకుండా అందరికీ పిన్నే. బ్లీచింగ్ మందు డబ్బా మీద ఒక పాలు మందుకి నలభై పాళ్ళు నీళ్ళు అని రాసుంటుందట. తొట్టిలో పోసేది నూట ఇరవై లీటర్ల నీళ్ళు. వీళ్ళు మూత తీసి మొహమాటం లేకుండా కుమ్మరిస్తారట. అరచేతులు చూపించింది. తోలు ఊడిపోయి ఉంది.

మూడు లీటర్లు అని అరిచాను. అందరికంటే ముందు నేనే. మేడమ్ నా వైపు చూసి, మెలకువగానే ఉన్నావే అన్నారు. ఈసారి నవ్వారు.

గంట ఎప్పుడు అయిపోయిందో తెలీలేదు.

జూన్ 6, శుక్రవారం

మేస్త్రి పొద్దున్నే పిలిచి, మూడో అంతస్తుకి ఎక్కే మెట్లు నువ్వు మార్కింగ్ చెయ్యి అన్నాడు. నేనా అన్నాను. కాదు, నీ వెనకాల గోడ అన్నాడు.

షరతు పెట్టాడు. మెట్లు సరిగ్గా వస్తే పరీక్షకి కావాల్సిన ఉత్తరం, వీడికి పని వచ్చు అని, ఆయనే సంతకం పెట్టి ఇస్తాడు. తేడా వస్తే మళ్ళీ చెక్కలు మోసుకోవడమే, ఇంకో ఏడాదిదాకా నా మొహానికి టేపు చూపించడు.

ఉత్తరం లేనిదే పరీక్షకి కూర్చోనివ్వరు.

జూన్ 7, శనివారం

కింది స్లాబు నుంచి పై స్లాబుకి మూడు వందల ఆరు సెంటీమీటర్లు. పద్దెనిమిది మెట్లకి పంచితే ఒక్కోటి పదిహేడు. గోడ మీద గీతలు కొట్టేశా. వెంట్రుకవాసి తేడా లేదు. మేస్త్రి టేపు పెట్టి ఒక్కొక్కటీ కొలిచి, వీపు మీద ఒక్కటి చరిచాడు. దెబ్బ కాదు, మెప్పు. ఇంకా మండుతోంది.

జూన్ 9, సోమవారం

చెక్కలు కొట్టడం అయిపోయింది. కాంక్రీటు గురువారం. దారిన పోయేవాళ్ళని కూడా పిలిచి చూపించాలనిపిస్తోంది.

జూన్ 10, మంగళవారం, రాత్రి ఎనిమిదిన్నర

 వరసగా రాస్తా.

మేడమ్ అన్నంత పనీ చేశారు. ఇవాళ పాఠం నీదే అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. నేనూ తగ్గలేదు. మెట్లు గీశా. మూడు వందల ఆరు, పద్దెనిమిది, పదిహేడు. మెట్లెప్పుడూ సమానంగా ఉండాలి, ఎందుకంటే మనిషి రెండు మెట్లు చూసి ఎక్కుతాడు, మిగతావి కాలే ఎక్కేస్తుంది అని చెప్పా. నా గొంతు నాకే మేస్త్రి గొంతులా వినిపించింది. వెనక బెంచీ బస్సు డ్రైవర్ బాబాయ్ అయితే నోట్సులో రాసుకున్నాడు కూడా.

అప్పుడు పిన్ని చెయ్యెత్తింది. ఆస్పత్రి వెనక మెట్ల మీద వీళ్ళు మూటలు మోసుకుని ఎక్కుతారట. మూట మొహానికి అడ్డం, కాళ్ళు కనిపించవు. అన్నీ బాగానే ఎక్కి, సరిగ్గా చివరి మెట్టు దగ్గర తట్టుకుంటారట. ఇప్పటికి ముగ్గురు పడ్డారు, ఒకావిడకి ముందు పన్ను పోయింది. ఆ ఒక్క మెట్టూ ఎందుకలా ఉంటుంది నాయనా అని అడిగింది. కట్టినోడు తాగి కట్టుంటాడు పిన్నీ అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

మేడమ్ మాత్రం వదల్లేదు. తాగినవాడైతే మెట్లన్నీ వంకరే రావాలి కదా, ఒక్కటే ఎందుకు అన్నారు. కాంక్రీటు మీద తర్వాత ఏం వేస్తారు అని అడిగారు. నేను గడగడా చెప్పేశా. మా బిల్డింగ్‌లో నేల కింద పైపులు వస్తాయి, వాటి మీద సిమెంటు, దాని మీద టైల్సు, మొత్తం ఏడు సెంటీమీటర్లు. మెట్ల మీద పైపులుండవు, ఉత్త రాయే, మూడు సెంటీమీటర్లు.

చెబుతూనే చెయ్యి ఆగిపోయింది.

పై నేల ఏడు లేస్తుంది. దాని కింది మెట్టు మూడే లేస్తుంది. నేను పదిహేడు పెట్టిన చోట చివరికి ఇరవై ఒకటి అవుతుంది. కింద దానికి తలకిందులు: నేల ఏడు లేచి మొదటి మెట్టు మూడే లేస్తే, మిగిలేది పదమూడు. మధ్యలో అన్నీ చక్కగా పదిహేడు. అదే అది, అదే బాబూ, మా కాలికి తగిలేది ఆ నాలుగే అని పిన్ని లేచి నిలబడింది.

మరి ఆ మెట్లు పోసేశారా అన్నారు మేడమ్. ఎల్లుండి పోస్తారు అన్నాను. 

ఇంతకు ముందు మేం కట్టిన బిల్డింగులన్నిట్లో నేలకీ మెట్లకీ ఒకే మందం. అందుకే మేస్త్రికీ తట్టలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. టైల్సు వేసేసరికి మేం ఇంకో సైట్‌లో ఉంటాం. ఉత్తరం నా జేబులో ఉంటుంది. ఎవడో పడితే, కట్టినోడు తాగి కట్టుంటాడంటారు.

జూన్ 11, బుధవారం, ఉదయం

చెప్పబోతున్నా. టీ చల్లారిపోయింది.

జూన్ 11, సాయంత్రం

చెప్పాను. మేస్త్రి తిట్లు కింద వీధిలోకి వినిపించాయట. నిన్నగాక మొన్న సుద్దముక్క పట్టుకుని ఇరవై ఏళ్ళ నుంచి మెట్లు కొడుతున్నవాడికి పాఠం చెప్తావా, ఆ మేడమ్‌నే తెచ్చి ఎక్కించు పైకి అన్నాడు. నేను మాట్లాడకుండా ప్లైవుడ్ ముక్క మీద గీశాను. చూడనన్నట్టు మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఒక కంటితో చూశాడు. తర్వాత ప్లాను తెప్పించుకుని ఏడు ఉందా, మూడు ఉందా అని వేలు పెట్టి చదివాడు. బీడీ ఆర్పాడు.

మేకులు పీకు అన్నాడు. అంతే.

నాతో పాటు ఆయనా కూర్చుని పీకాడు. చెక్కలన్నీ నాలుగు సెంటీమీటర్లు పైకి లేపి కొట్టాం. ఇప్పుడు మొదటి మెట్టు ఇరవై ఒకటి, చివరిది పదమూడు, చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి. రాయి, టైల్సు పడితే గానీ వాటి అందం బయటపడదు. మిగతా వడ్రంగులు వచ్చి చూసి, కొత్త పెళ్ళికొడుకు మొదటి వంట ఇలాగే ఉంటుంది అని పోయారు. నాకూ నవ్వొచ్చింది.

ఉత్తరం సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. గోళ్ళు పగిలాయి, చేతులు లేవట్లేదు, కడుపు నిండా తిన్నా. ఎందుకో చాలా హాయిగా ఉంది.

జూన్ 12, గురువారం, ఉదయం 7:40

కాంక్రీటు బండి వచ్చేసింది. కింద నుంచి ఇంజినీర్ సారు, ఎవడయ్యా ఈ వంకర మెట్లు కొట్టింది, మొదటిది కొండలా, చివరిది పీటలా అని అరుస్తున్నాడు. మేస్త్రి గోడకి ఆనుకుని నా వైపే చూస్తున్నాడు.

నేనే అని అరిచాను. దిగి రా అంటున్నాడు. నిన్నటి ప్లైవుడ్ ముక్క పట్టుకుని వెళ్ళాలి.