మొదటి ముద్ద

పెదన. మే నెల, రెండో ఆదివారం రాత్రి.

పొద్దున లేచేసరికి పక్కింట్లోంచి ఆవపిండి ఘాటు. మా వీధి ఆవకాయలన్నీ ఏటా ఒకే రోజు, ఒకే చోట కలుపుతాం. పదిహేనేళ్లుగా కలిపేది నేనే. నా చేతి ఆవకాయ ఏడాదైనా బూజు పట్టదని పేరు. నిరుడు కీమో మధ్యలో ఉన్నాను కాబట్టి వెళ్లలేదు. ఈసారి పిలుస్తారని, మళ్లీ పెరిగిన పొట్టి జుట్టుకి తలంటుకుని, పాత చీర కట్టుకుని కూర్చున్నాను. పదకొండయినా ఎవరూ రాలేదు.

మధ్యాహ్నం తోడికోడలు పద్మ గిన్నెతో వచ్చింది. ఉప్పు తగ్గించి వండిన బీరకాయ కూర.

"నీకు పచ్చళ్లు వద్దన్నారంట కదక్కా. చూస్తే నోరూరుద్దని పిలవలేదు. చెయ్యి కూడా నొప్పెడుద్దేమోనని..."

"మంచిపని చేశారు," అన్నాను.

డాక్టరుగారు పచ్చళ్లు తగ్గించమన్నారు, మానెయ్యమనలేదు. ఆపరేషన్ అయింది ఎడమ రొమ్ముకి. ఆవకాయ కలిపేది కుడిచేత్తో. ఈ మాట పద్మతో అనొచ్చు. అంటే "అయ్యో" అంటుంది. ఆ అయ్యోలు వినే ఓపిక నాకు లేదు.

నిజంగా నా నొప్పి గురించే ఆలోచించారా, లేక జబ్బు చేసిన మనిషి చెయ్యి పడితే బూజొస్తుందనా... ఛ, పద్మ అలాంటిది కాదు.

కలపడం అయ్యాక, ఆవకాయ కలిపిన బేసిన్లోనే వేడన్నం, నెయ్యి వేసి కలిపి తలా ఒక ముద్ద పెడతారు. మొదటి ముద్ద ఎప్పుడూ కలిపినవాళ్లకే. రాత్రి ఒక్కదాన్నే కూర్చుని బీరకాయ కూర తింటుంటే అదే ఆలోచన.

ఇవాళ నా ముద్ద ఎవరు తిన్నారో.