రాజోలు గేటు తాళం

రాజోలు,
6 ఫిబ్రవరి 1988

ప్రియమైన సత్యవతికి,

నువ్వు నవ్వినా సరే, చెప్పేస్తున్నాను. మా బాలుర గృహం గేటుకి తాళం తీయించేశాను! పిల్లల్ని జైల్లో పెట్టకూడదని కొత్త చట్టం వచ్చింది కదా, మరి జైలు గేటు మాత్రం ఎందుకు? ఇకనుంచి బుద్ధిగా ఉన్న కుర్రాళ్లు శనివారం ఇంటికెళ్లి ఆదివారం సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెంట జవాను ఉండడు. వాళ్ల మాటే పూచీ.

పై ఆఫీసరుగారు పెదవి విరిచారు. "ఒక్కడు పారిపోయినా తాళం మళ్లీ పడుతుంది కృపారావ్. నువ్వీ కుర్చీలో ఉండవు" అన్నారు. సరేనన్నాను. ఈ రోజే మొదటివాణ్ని పంపాను. మీ కాట్రేనికోన వాడే, బంగారరాజు. వస్తాడు చూడు.

నీ కృపారావు

కాట్రేనికోన,
8 ఫిబ్రవరి

ప్రియమైన మీకు సత్యవతి వందనాలు.

తాళం తీయడం గొప్పే. మరి చేపలు పట్టుకు బతికే మా ఊరి వెంకన్న సంగతి ఆలోచించారా? పడవెక్కించుకోమంటే "పిల్లకుంకవి, పోరా" అన్నాడని, ఆ కోపంతో వెంకన్న వలని కత్తితో ముక్కలు ముక్కలుగా కోశాడు మీ బంగారం. ఆ ఏడంతా వెంకన్న పిల్లలు గంజితో సరిపెట్టుకున్నారు. మీరెప్పుడూ కుర్రాడి బాగే చూస్తారు. వల పోయినవాడి కడుపుమంట ఎవరు చూస్తారండీ? ఇలా సెలవుకొచ్చినప్పుడల్లా ఇద్దరూ వీధిలో ఎదురుపడితే ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

అన్నట్టు, ఆ తాళం ఖాళీగానే ఉందిగా, నా బడికి పంపండి. మేకలు దూరి సుద్దముక్కలు కూడా మిగల్చడం లేదు.

మీ సత్యవతి

రాజోలు,
9 ఫిబ్రవరి

సత్యా,

ఆదివారం రాలేదు. నిన్నా రాలేదు. ఈ ఉత్తరం జవాను చేతికిచ్చి పంపుతున్నాను. పోలీసులకి ఇంకా చెప్పలేదు. వాళ్లు పట్టుకొస్తే వాడు మళ్లీ ఖైదీయే, మిగతా పిల్లలకీ తాళమే. శుక్రవారం ఆఫీసరుగారు వస్తున్నారు. వెంటనే వాళ్లింటికెళ్లి చూడు. నా నమ్మకం పోలేదు గానీ నిద్ర పట్టడం లేదు.

కృపారావు

కాట్రేనికోన,
10 ఫిబ్రవరి

ఏమండీ,

మీ ఉత్తరం చదివి ఉన్నపళంగా పరిగెత్తాను. వాళ్లమ్మ సుందరి ఒకటే ఏడుపు. "ఆదివారం బస్సుకని బయలుదేరేడండి. వెంకన్న చెయ్యట్టుకుని లాక్కుపోయేడండి. నన్ను గుమ్మం తొక్కనివ్వట్లేదండి" అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

వెళ్లి చూస్తే, వెంకన్న అరుగు మీద మీ బంగారరాజు! ఒళ్లో వల. వేళ్ల నిండా దారం కోసిన గాట్లు. నన్ను చూసి లేవబోయాడు.

"కూకోరా, ముడి జారిపోద్ది" అని కసిరాడు వెంకన్న.

నాకు ఒళ్లు మండింది. "పిల్లాణ్ని నిర్బంధించి పని చేయించుకుంటావా?" అని అరిచేశాను.

"ఆణ్నే అడగండి పంతులమ్మగారూ. కొట్టడానికే లాక్కొచ్చేనండి. ఈడేమో చెయ్యడ్డం పెట్టలేదు. వల ఇటివ్వు బాబాయ్, కడతానన్నాడు. అయ్యేదాకా కదల్నన్నాడు. అందాకా నేనూ కదలనివ్వనండి."

"గడువు దాటింది. పోలీసులొస్తారు, తెలుసా?"

"ఆయ్. అయితే నేనే తీసుకెళ్లి ఒప్పజెబుతానండి."

మీరు నియమాలన్నీ కుర్రాళ్లకే చెప్పారు. ఊళ్లోవాళ్లలో ఒక్కరికైనా చెప్పారా, మహానుభావా?

మీ సత్యవతి

రాజోలు,
27 ఫిబ్రవరి

ప్రియమైన సత్యవతికి,

కోర్టు మాట తేలేదాకా ఆగి రాస్తున్నాను. ఆ శుక్రవారం ఆఫీసరుగారు తాళం తెప్పించి చేత్తో పట్టుకునే ఉన్నారు. కుర్రాళ్లంతా వరండాలో నిలబడి ఆ తాళాన్నే చూస్తున్నారు. అప్పుడొచ్చారు ఇద్దరూ, వెంకన్న భుజాన వలతో సహా.

"ఎవరు నువ్వు?" అన్నారు ఆఫీసరుగారు.

"వల కోయించుకున్నోణ్నండి. కేసు పెట్టింది నేనేనండి."

"మరి ఇప్పుడేం కావాలి?"

"కుర్రాణ్ని నాకిప్పించండి. కోసినోడే కట్టేడు. ఇంక ఇక్కడ మీరేం నేర్పుతారండీ?"

నమ్మకమైన మనిషి పూచీ పడితే పిల్లాణ్ని అప్పగించే వీలు చట్టంలో ఉందని చెప్పాను. "ఫిర్యాదు చేసినవాడే పూచీ పడటం నా సర్వీసులో చూడలేదయ్యా" అని ఆయన తాళం బల్ల మీద పెట్టేశారు. నిన్న కోర్టువారూ ఒప్పుకున్నారు. పొద్దున్న నీ బడి, సాయంత్రం వెంకన్న వల. పడవ మాత్రం ఇప్పుడే ఎక్కించడట.

నువ్వే నెగ్గావులే. ఇకమీదట ఏ కుర్రాడికి సెలవిచ్చినా, ముందు నేనే వాళ్ల ఊరెళ్లి నష్టపోయినవాళ్లతో మాట్లాడతాను.

బంగారరాజు రేపు ఒక్కడే బస్సెక్కుతాడు. నువ్వడిగిన తాళం వాడి చేతే పంపుతున్నాను. తాళంచెవి కూడా వాడి జేబులోనే ఉంటుంది. బడి వాడికి అప్పజెప్పి, మేకల సంగతి చూసుకోమను.

తాళం లేని గేటు దగ్గర నుంచి,
నీ కృపారావు