చిన్న రైలు మోసిన ఆఖరి సరుకు

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను వేళకి తింటున్నాను, నువ్వూ తిను. ఇక్కడ మా చిన్న రైలు నారోగేజ్ పట్టాలు పీకేస్తున్నారు. ఇన్నేళ్లు బండి నడిపిన నన్నే ఆ పనిలో పెట్టారు.

అడవి నుంచి గనికి దుంగలు మోయడమే కదా మా బండి పని. గని కప్పుకి ఆసరాగా పెట్టిన దుంగ విరిగే ముందు కిర్రుమంటుందని, అది విని బయటికి పరిగెత్తుతామని బావ చెప్పేవాడు. ఇనప స్తంభాలైతే నోరు విప్పవట. అయినా కంపెనీ వాటినే తెప్పించింది. మోసుకొచ్చింది మా బండే, అదే ఆఖరి ట్రిప్పు. దించుకుంటూ బావ నవ్వాడు, "ఇక నీకు సెలవులే, బావమరిదీ!" అని.

బావ మీద కప్పు కూలే ముందు చప్పుడేమైనా అయిందా అని అడిగావు. బతికి బయటపడ్డ ఇద్దర్నీ అడిగాను. కాలేదట అక్కా.

నీ తమ్ముడు