మెడ కింద మా తమ్ముడు

లండన్‌లో సెయింట్ జాన్స్ వుడ్ కాపురస్తురాలిని, కీర్తిశేషులు చిత్రకారుడు లియొనార్డ్ ట్రెవిట్ గారి భార్యను, డోర్కాస్ ట్రెవిట్ అనే నేను, ఒంట్లో దగ్గు తప్ప వేరే లోపం లేక, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బలవంతం చేయబోయినవాళ్లు లేకపోలేదు. వాళ్ల సంగతి ముందు ముందు వస్తుంది. ఇదివరకు నేను రాసినవన్నీ ఇందుమూలంగా రద్దు.

ఒకటి. దీన్ని అమలు జరిపే బాధ్యత మా ఆయన అన్నగారి కొడుకు ఎర్నెస్ట్ ట్రెవిట్‌కు అప్పగిస్తున్నాను. వాడు మంచివాడే. కాకపోతే పెద్దింటివాళ్లు ఎవరైనా గుమ్మంలో నిలబడితే చాలు, నడుము వంగిపోతుంది. అందుకే ఏదీ వాడి ఇష్టానికి వదలకుండా విడమరిచి రాస్తున్నాను. మా ఆయన ఈజిలు, రంగుల పెట్టె, కుంచెలు వాడికే చెందుతాయి.

రెండు. వంటమనిషి మిసెస్ ప్రాట్‌కు నా ఊదారంగు సిల్కు గౌను. పాపం, ఇస్త్రీ చేసినప్పుడల్లా దాన్ని ఒంటి మీద పెట్టుకుని అద్దంలో చూసుకోవడం నాకు తెలుసు. మా ఆడపడుచు ఆగ్నెస్‌కు నా వెండి జున్ను కత్తి. నా పెళ్లినాడు చర్చి మెట్ల మీదే, 'మా అన్నయ్యకు జున్ను కొట్టువాళ్ల పిల్లే దొరికిందా!' అని మూతి మూడు వంకర్లు తిప్పింది. ఆ కత్తి వాడినప్పుడల్లా మా కొట్టును తలచుకోవాలి.

మూడు. ఇక మా స్టూడియోలో ఉన్న, మాజీ మంత్రి లార్డ్ వెదర్‌కోట్ గారి నిలువెత్తు తైలవర్ణ చిత్రపటం. దీని హక్కు గురించి రేపు ఎవరూ నోరెత్తకుండా జరిగింది చెబుతున్నాను.

ముప్పయ్యేళ్ల కింద, లార్డు గారు మంత్రిగా ఉన్న రోజుల్లో, ఆయన అభిమానులంతా సంఘం కట్టి మా ఆయనకు ఈ పటం పురమాయించారు. లార్డు గారికి తీరికెక్కడిది? తల వేయించుకోవడానికి మాత్రం వచ్చి కూర్చునేవారు, అదీ సెక్రటరీ చేత ఉత్తరాలు చదివించుకుంటూ. మిగతా దేహం సంగతి అడిగితే, 'చెయ్యి ఎవరిదైనా చెయ్యే కదండీ ట్రెవిట్ గారూ, తల మాత్రం నాదే ఉండాలి సుమా!' అని కోటు విప్పి ఇచ్చి వెళ్లిపోయారు. పెద్దవాళ్ల పటాలన్నీ అలాగే తయారవుతాయి. తల వాళ్లది, ఒళ్లు కూలికి వచ్చినవాడిది.

ఆ కోటు సరిపోయే పొట్ట మా తమ్ముడు సైలస్ గ్రూమ్‌బ్రిడ్జ్‌కు ఉంది. తూర్పు లండన్‌లో, బో పేటలో ఉన్న మా జున్ను కొట్టు మూసేసి వచ్చి, ఆ కోటు తొడుక్కుని, ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి, కుడి బొటనవేలు వెయిస్ట్‌కోటు జేబులో దూర్చి నిలబడేవాడు. కొట్లో ఎలా నిలబడతాడో అచ్చం అలాగే. 'మంత్రిగారికి కాళ్లు లాగుతున్నాయక్కా, కుర్చీ వెయ్యండ్రా ఎవరైనా!' అని కేకలు పెట్టేవాడు. మా ఆయన నవ్వాపుకోలేక కుంచె పక్కన పెట్టేసేవారు. పటం ప్రదర్శనకు పెట్టినప్పుడు పత్రికలు 'రాజ్యభారం మోసిన చేతులు' అని రాశాయి. ఆ చేతులు మోసింది చెడ్డర్ జున్ను దిమ్మలను.

ఆ వేసవిలోనే బో పేటకు కలరా వచ్చి మా సైలస్‌ను తీసుకుపోయింది. వాడి భార్య అప్పటికి కడుపుతో ఉంది. ఫొటో తీయించుకోరా అంటే, 'వచ్చే ఆదివారం చూద్దాంలే అక్కా' అంటూ గడిపేసిన మనిషి. వాడి గుర్తు ఈ పటం ఒక్కటే మిగిలింది. అదే ఏడు లార్డు గారి పదవి ఊడింది. సంఘం వాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. పటం తీసుకుపోవడానికి ఒక్కడూ రాలేదు. దేవుడి దయ అనుకున్నాను.

చచ్చినవాడి కళ్లు చారెడు. రెండేళ్ల కింద లార్డు గారు పోయేసరికి ఆయన క్లబ్బు వాళ్లు పరుగున వచ్చారు. వాళ్ల మెట్ల పక్కన ఉన్న పటాలన్నీ భుజాల దాకానేనట. 'భుజాల కింద కోసేస్తే మా వరసలో సరిగ్గా ఇముడుతుందమ్మా' అన్నారు, జున్ను ముక్క అడిగినంత తేలిగ్గా. ఎర్నెస్ట్ కూడా, 'ఇచ్చేయి పిన్నీ, గొప్పవాళ్లతో మనకెందుకు' అన్నాడు. ఆ నాటి నుంచి తలుపు చప్పుడైతే ముందు స్టూడియోకు తాళం వేసేదాన్ని.

పోయిన మంగళవారం లార్డు గారి కొడుకే స్వయంగా వచ్చాడు. పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. 'ఇవి మా నాన్న చేతులు కావండీ. ఆయన చేతులు ఒక్క క్షణం కుదురుగా ఉండేవి కావు. ఎవరివివి?' అని అడిగాడు. చెప్పాను. ఫక్కున నవ్వాడు, వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. 'తలవరకు నకలు వేయించుకుంటామమ్మా. మీ తమ్ముణ్ణి మీ దగ్గరే ఉంచుకోండి' అని, పటం మీద తమకెవరికీ హక్కు లేదని రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ఆ కాగితం దీనికి జతపరిచాను. అమ్మయ్య! ఆ పూట మటన్ చాప్స్ కడుపునిండా తిన్నాను. దగ్గు కూడా తగ్గినట్టే ఉంది.

నాలుగు. ఆ పటాన్ని నా మేనకోడలు, సైలస్ కూతురు కెజయాకు సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. తండ్రిని చూడకుండా పుట్టిన పిల్ల. చిన్నప్పుడు కుర్చీ ఎక్కి లార్డు గారి తల మీద నా శాలువా కప్పి, 'ఇప్పుడు మా నాన్న, చూడత్తా!' అనేది. ఇప్పుడు అదే కొట్టు నడుపుతోంది.

ఎర్నెస్టూ, ఇది శ్రద్ధగా చదువు. పటాన్ని గోడకు ఎత్తి తగిలించకూడదు. ఫ్రేము తీసేసి కొట్లో బల్ల వెనక నేల మీద నిలబెట్టాలి. అప్పుడు ఆ చేతులు కెజయా చేతుల ఎత్తుకు వస్తాయి. ఆ కొట్టు కప్పు తక్కువ, తల తగలవచ్చు. తగిలితే వడ్రంగిని పిలిపించి కప్పు కోయించు, పటాన్ని మాత్రం వెంట్రుకవాసి కోయకూడదు. ఖర్చు నా ఆస్తిలోంచి. కూతురు కొట్టు నడుపుతుంటే చూడటానికి ఆ కళ్లు వాడివి కావే అని నాకూ అనిపించింది. పోనీలే. చూసే పని లార్డు గారు చేస్తారు, మా సైలస్ కూతురి పక్కన నిలబడితే చాలు.

1896 మార్చి నెల 23వ తేదీన, స్టూడియోలో ఆ పటం ఎదురుగా కూర్చుని నా చేతులారా సంతకం చేశాను.

డోర్కాస్ ట్రెవిట్

సాక్షులు:
రెవరెండ్ హోరేస్ టిల్లీ, పాదరీ
జేబెజ్ క్రంప్, ఫ్రేములు కట్టేవాడు

(సాక్షులకు వీలునామాలో ఏమీ రాయడానికి చట్టం ఒప్పుకోదు కనుక, ఇద్దరికీ టీ, సోంపు కేకు ఇప్పుడే పెట్టి పంపాను.)